బట్టీ పట్టిన సాక్ష్యం

కాప్రా,
17 జూలై 2003.

చిరంజీవి కన్నబాబుకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ దేవికా బెంగుళూరులో సుఖంగా ఉన్నారని నీ ఉత్తరంలో ప్రతి వాక్యమూ చెబుతోంది కనుక వేరే అడగను.

వానలు పట్టాయి. చెరువు పక్క రోడ్డంతా బురదే. అయినా మన అపార్ట్‌మెంటుకు నీళ్ళ ట్యాంకరు తప్పడం లేదు. ఎదురింటి రోసమ్మ నా బిందెలు కూడా తనే నింపి గుమ్మంలో పెడుతోంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి కానీ నాలుగడుగులు వేస్తే సర్దుకుంటున్నాయి. ఈ మధ్య చాలా దూరాలు తిరిగాను.

నువ్వు అడిగిన వాటికి వరసగా జవాబులు రాస్తాను. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళావా అన్నావు. వెళ్ళలేదు. ఎందుకో తరవాత రాస్తాను. సృజన అన్న హరికిషన్ వచ్చి గొడవ చేశాడా అన్నావు. అతను రాలేదు. సృజన బట్టలు మూట కట్టి బోయిగూడ పంపేశావా అన్నావు. పంపలేదు. మొన్న ఆదివారం తనే వచ్చి తీసుకుపోయింది. మంగళవారం కోర్టులో చెప్పమని రాసి పంపిన పదిహేడు జవాబులూ బట్టీ వచ్చాయా అన్నావు. వచ్చాయి. బొబ్బిలి దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లల చేత ఎక్కాలు బట్టీ పట్టించినదాన్ని, పదిహేడు జవాబులు నాకొక లెక్కా!

నువ్వు అడగనిది ఒకటుంది. ఈ వ్యవహారం నీ వైపు నుంచి ఎలా నడిచిందో నీకు తెలుసు. నా వైపు నుంచి ఎలా నడిచిందో తెలియదు. అది మొదటి నుంచీ రాస్తేనే నీకు అర్థమవుతుంది. ఓపిగ్గా చదువు.

అయిదేళ్ళ కిందట నువ్వు సికింద్రాబాదులో కంప్యూటర్ కోర్సు చదివే రోజుల్లో, ఆ ఇన్‌స్టిట్యూటు కింద ఎస్.టి.డి. బూత్‌లో కూర్చునే సృజనను చేసుకుంటానన్నావు. తండ్రి భద్రయ్య బోయిగూడ టింబర్ డిపోలో వడ్రంగి. మనవాళ్ళు కారు, మన వైపువాళ్ళు కారు, ఆ మాటతీరు నాకు పడదు అన్నాను. నువ్వు మూడు రోజులు అన్నం మానేశావు. మీ నాన్నగారు పోయాక నాకున్నది నువ్వొక్కడివే. ఒప్పుకున్నాను కానీ మనసులో ఒప్పుకోలేదు. ఆ పిల్ల "అత్తమ్మా, జెర ఈడ కూసోండ్రి, కాళ్ళు వత్తుత" అన్నా సరే, నాకు ఆ పలుకే వినిపించేది, ఆ ప్రేమ వినిపించేది కాదు. అది నీకు బాగా తెలుసు. తెలిసే వాడుకున్నావు.

తరవాత నీ ఆఫీసులో దేవిక నీ టీములో చేరింది. శనివారాలు కూడా నీకు ఆఫీసు మొదలైంది. సృజన నా దగ్గర కూర్చుని ఏడిస్తే, దానికే అనుమానం ఎక్కువని నేనే దాని నోరు మూయించాను. నీకూ దేవికకూ సింగపూర్ ప్రాజెక్టు ఖాయమైందట. విడాకులు అడిగితే సృజన ఇవ్వదు. వాళ్ళన్న కేసు పెడితే నీ ప్రయాణం ఆగిపోతుంది. అందుకని తప్పంతా దాని మీదే పడేలా చేయాలనుకున్నారు. సిగ్గుతో అది తనే విడాకుల కాగితాల మీద సంతకం పెట్టి పోవాలి. దానికి ఒక సాక్షి కావాలి. కోడలంటే గిట్టని అత్త కంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

జనవరి ఆఖరి గురువారం నేను బాబా గుడి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు మగవాళ్ళ నల్ల చెప్పులున్నాయి. లోపలి నుంచి ఒకతను తల వంచుకుని వచ్చి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఎవరని అడిగితే సృజన, "కంప్యూటర్ మంచిగ చేసేటాయన అత్తమ్మా, మీ కొడుకే పంపిండు" అంది. సాయంత్రం నిన్ను అడిగాను. నీ ముఖం పాలిపోయింది. "నేనెవర్నీ పంపలేదే అమ్మా" అన్నావు. ఎంత బాగా పాలిపోయిందో ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను. తరవాతి గురువారం మళ్ళీ అవే చెప్పులు. ఆ పై గురువారం కూడా.

మూడో గురువారం సాయంత్రం నువ్వు తొమ్మిది కాగితాలు తెచ్చి నా ముందు పరిచావు. ఇవి సృజన అతనికి రాసిన మెయిల్స్ అన్నావు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు నువ్వే చదివి వినిపించావు. మధ్యలో ఆపి కళ్ళు తుడుచుకున్నావు. నేను నీ తల నిమిరాను.

మర్నాడు పొద్దున్న నువ్వు ఆఫీసుకు వెళ్ళాక దాన్ని నిలదీశాను. "ఏటే ఇది? ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను. అది కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు గీ మెయిల్ గియిల్ తెల్వదు అత్తమ్మా. ఒట్టు. ఆయన్నే అడుగుండ్రి" అంది. అబద్ధాలు కూడానా అని చెయ్యి పట్టి మెట్ల మీదికి లాక్కొచ్చి చెంప మీద కొట్టాను. రోసమ్మ చూస్తోంది. పై అంతస్తువాళ్ళు చూస్తున్నారు. ఇంకోటి కొట్టాను.

కబురందుకుని భద్రయ్య డిపో నుంచి ఉన్నపాటున వచ్చేశాడు. చేతుల నిండా చెక్కపొట్టు. "గసొంటి పిల్ల గాదమ్మా నా బిడ్డ. జెర ఇన్నరాదు నా మాట" అన్నాడు. పెద్దవాడు, నా కాళ్ళ వైపు వంగాడు. సృజననూ బయటే ఉంచి నేను తలుపు వేసేశాను. ఆ తలుపు చప్పుడు విని లోపల నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పుకోకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు.

మార్చిలో నువ్వు వేసిన విడాకుల కేసు కోసం నీ లాయరు రామ్మోహనరావు గారి ఆఫీసులో అఫిడవిట్ మీద సంతకం పెట్టాను. ఏప్రిల్లో నువ్వు బెంగుళూరు వెళ్ళావు. నెల తిరగకుండానే దేవిక కూడా వెళ్ళింది. ఇద్దరూ ఒకే ఇంట్లో దిగారని విని కూడా నేను నిన్నే సమర్థించుకున్నాను. అంత దెబ్బ తిన్నవాడికి ఒక తోడు దొరికిందిలే అనుకున్నాను.

మే నెలలో లాయరు గారు ఫోన్ చేసి, అడ్డు ప్రశ్నలు వేస్తారు కాబట్టి ఆ మెయిల్స్ ఒకసారి చదువుకుని ఉండమన్నారు. అంతవరకూ నువ్వు చదవగా విన్నదే తప్ప నేను చదవలేదు. కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. రెండో కాగితంలో ఒక వాక్యం: "అత్త గుడికి ఎలిపోగానే మిస్డ్ కాల్ ఇస్తాను, బేగి రా."

బేగి.

ఆ మాట బోయిగూడలో ఎవరంటారు నాయనా? సృజన "జల్ది" అంటుంది. పెళ్ళయిన కొత్తలో నేను "బేగి రావే" అని పిలిస్తే అది నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అయిదేళ్ళలో ఒక్కసారి ఆ మాట దాని నోట వినలేదు. తొమ్మిది కాగితాలూ మళ్ళీ చదివాను. "ఒగ్గేయ్" అని ఒకచోట. "అలాగేటి" అని ఒకచోట. అన్నీ మన బొబ్బిలి వైపు మాటలే, మన ఇంటి మాటలే. పక్కవాడి పలక చూసి రాసిన పిల్లవాణ్ణి పట్టుకోవడం నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. ఇవి సృజన రాసినవి కావు. నీకు మాటలు నేర్పినదాన్ని, నీ మాటలు నేను గుర్తుపట్టనా?

పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మాక గానీ లేవలేదు.

నీకు ఫోన్ చేయలేదు. చేస్తే నువ్వు ఏడ్చేవాడివి. నువ్వు ఏడిస్తే నేను కరిగిపోతాను. నా మీద నాకు ఆ భయం ఉంది.

ఆ నల్ల చెప్పులవాడి సంచి మీద మౌలాలీ కమాన్ దగ్గరి ఒక కొట్టు పేరు చూసిన గుర్తు. మర్నాడే ఆటో ఎక్కాను. రెండు సందులు తిరిగి పట్టుకున్నాను. పేరు యేసుదాసు. నన్ను చూడగానే చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టేసి, కొట్టు బయటికి తీసుకొచ్చాడు.

"అమ్మా, నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి. సారు వాళ్ళ కంపెనీల నౌకరీ ఇప్పిస్తనన్నడు. కంప్యూటర్ ఖరాబైందన్నడు, పోయిన. పోయి చూస్తె వైరు ఊడదీసి ఉన్నది, అంతే."

"మరి మూడు వారాలు ఎందుకొచ్చావు?"

"ఆ మేడం చెప్పింది, సారు తోటి వచ్చిన మేడం. గురువారం పదకొండింటికే పో, చెప్పులు గుమ్మం ముంగటనే ఇడువు, ముసలామె వచ్చేదాక కూసో అన్నది. ఎందుకని అడగలే. తప్పయింది."

"లోపల ఆ పిల్ల నీతో ఏం మాట్లాడేది?"

"చాయ్ ఇచ్చి వంటింట్లకు వోయేది. నేను అక్కా అని పిలిచిన ఆమెను."

ఉద్యోగం వచ్చిందా అని అడిగాను. "ఫోనే ఎత్తుతలేడమ్మా" అన్నాడు. నా చెప్పులు ఎక్కడ విడవాలో కూడా రేపు దేవికే చెబుతుందేమోనని అక్కడికక్కడే నవ్వొచ్చింది. యేసుదాసు భయపడ్డాడు.

అక్కడి నుంచి ఇంటికి రాలేదు. బోయిగూడ వెళ్ళాను. హరికిషన్ తలుపు తీసి, నన్ను చూసి మళ్ళీ వేయబోయాడు. సృజన వెనక నుంచి "ఉండనియ్ అన్నా" అంది. చిక్కి సగమైంది. భద్రయ్య మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. డిపోలో తోటివాళ్ళు ఏదో అన్నారట. ఫిబ్రవరి నుంచి పనికి పోవడం లేదు. అంత మంచి పనివాడు రంపం ముట్టుకోలేదట.

నేను జరిగింది చెప్పాను. బేగి అనే మాట గురించి చెప్పాను.

"అంటే మీ మాట దొరికింది కాబట్టి నమ్మిండ్రు. నా మాట నమ్మి రాలే" అంది సృజన.

కన్నబాబూ, నేను దాని చెంప మీద కొట్టిన రెండు దెబ్బలూ నాకు ఆ క్షణాన తగిలాయి.

క్షమించమని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "అది నాతోని కాదు. మీరు నిజంగ సాక్ష్యం చెప్తనంటె రాండ్రి. గని నన్ను కొట్టిన సంగతి సుత చెప్పాలె. మెట్ల మీద, అందరి ముంగట. మా నాయిన మీ కాళ్ళకాడ వంగిన సంగతి సుత." చెబుతానని మాట ఇచ్చాను.

వాళ్ళ లాయరు కామాక్షి అని, బాగా నిదానస్తురాలు. యేసుదాసు మాట ఒక్కటే నిలవదని, ఎవరో కొనేశారని అంటారని, మెయిల్ ఎవరు రాశారో తేల్చడం కష్టమని చెప్పింది. అవతలివాళ్ళు తమ చేత్తో రాసింది ఏదైనా ఉంటే తప్ప అంది. "రాయిస్తాను" అన్నాను. ఆవిడ నమ్మలేదు.

నా చెవులకు ఏ రోగమూ లేదు నాయనా. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. రోసమ్మ ఇంట్లో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో నా మంచం మీద నుంచి లెక్కపెడతాను. జూన్ ఒకటో తారీఖు నుంచి నీ ఫోను వచ్చినప్పుడల్లా "ఏటీ? వినబడ్డం లేదు, ఉత్తరం రాయి" అన్నది నిన్ను కాగితం మీదికి దించడానికే.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకుంటాను. నాకు అందులో ఆనందం దొరికింది. దేవిక ఆఫీసు నుంచి ఫోన్ చేసిన రోజు గుర్తుందా? అడిగి చూడు. "అత్తయ్యా, నేను దేవికనండీ" అంది. ఎవరూ అన్నాను. మళ్ళీ చెప్పింది. ఎవరమ్మా నువ్వు అన్నాను. చివరికి ఆఫీసంతా వినేలా "మీ కోడల్నండీ!" అని అరిచింది. ఆ తరవాత అటువైపు ఎంత నిశ్శబ్దమో! ఆ పూట నేను రెండోసారి అన్నం పెట్టుకుని తిన్నాను.

నువ్వు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టావు. చిన్నప్పుడు నేను దిద్దించిన గుండ్రటి అక్షరాలు. మొదటి ఉత్తరంలో జాగ్రత్తగానే ఉన్నావు. రెండోదానిలో, "అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడని చెప్పు, నువ్వు చూడకపోయినా చెప్పు" అని రాశావు. అప్పుడు నేను భయపడ్డట్టు జవాబు రాశాను. ఆ మెయిల్స్ ఎవరు రాశారని గుచ్చి గుచ్చి అడిగితే తడబడతానేమో, అసలు సంగతి నాకు చెబితే ధైర్యంగా ఉంటాను, నేను నీ తల్లిని కాదా అన్నాను. వారం రోజులు నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. నువ్వు రాయకపోతే బాగుండునని ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు అనుకున్నాను. మూడో ఉత్తరం వచ్చింది. "భయపడకు అమ్మా. అవి నేనే రాశాను. దేవిక ఒక్కొక్కసారి ఒక్కొక్క నెట్ సెంటర్‌కి వెళ్ళి పంపింది. ఎవరూ కనిపెట్టలేరు. ఈ కాగితం చదివి కాల్చెయ్."

కాల్చలేదు. పదిహేడు జవాబులతో వచ్చిన నాలుగోది కూడా కలిపి, నాలుగు ఉత్తరాలూ కవర్లతో సహా కామాక్షి గారి బీరువాలో ఉన్నాయి. నకళ్ళు నిన్న కోర్టులో దాఖలయ్యాయి. మీ లాయరు గారికి శనివారానికి అందుతాయి, నీకీ ఉత్తరమూ అప్పటికే అందుతుంది. ఇద్దరూ ఒకేసారి చదువుకోండి. దొంగ రుజువులు పుట్టించినందుకు నీ మీదా దేవిక మీదా వేరే కేసు వేయమని కూడా సృజన అర్జీ పెట్టింది. అది తేలేదాకా సింగపూర్ మాట మరిచిపొమ్మని మీ లాయరు గారే చెబుతారు.

అబద్ధపు అఫిడవిట్ మీద సంతకం పెట్టినందుకు నన్నూ తప్పు పట్టవచ్చని కామాక్షి హెచ్చరించింది. తెలిసి చేయలేదు కాబట్టి ఊరుకోవచ్చు, ఊరుకోకపోవచ్చు అంది. ఊరుకోకపోయినా నాకు అభ్యంతరం లేదు. అన్నం పెట్టిన చేత్తోనే ఒక ఆడపిల్లను వీధిలోకి నెట్టాను. నీకు పడే దాంట్లో నాకూ ఒక వాటా రావాలి. కానీ నీ వాటా తగ్గడానికి నేను ఒప్పుకోను. జాలి కోసం నా దగ్గరికి రాకు. నీ పని అయిపోవడానికి నా చేతులు వాడుకున్నావు. పరాయివాళ్ళ చేత కొట్టించినా ఇంత కోపం వచ్చేది కాదు.

ఆదివారం సృజన బట్టల కోసం వచ్చిందన్నాను కదా. మంచినీళ్ళిస్తే తాగలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నీ పెళ్ళి ఫోటోలు మాత్రం ముట్టుకోకుండా చీరలన్నీ మడత పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు రోసమ్మ తలుపు కొట్టి, "అక్కా, మంగళవారం మీరు సుత వస్తున్నరు గద" అని అడిగింది. రోసమ్మ వస్తానంది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను మెట్ల మీద నిలబడి అది వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

భద్రయ్య కూడా వస్తాడట. హరికిషన్ చెప్పాడు. ఫిబ్రవరి తరవాత ఆయన గడప దాటడం ఇదే మొదలు.

మంగళవారం పదిన్నరకు పిలుస్తారు. నువ్వు వచ్చి తీరాలి, కేసు వేసినవాడివి నువ్వే. నేను నీ కారు ఎక్కను, రోసమ్మతో బస్సులో వస్తాను. నువ్వు రాసిచ్చిన పదిహేడు జవాబులూ చెబుతాను. ఒక్కొక్కటి చెప్పి, ఇది నా కొడుకు చెప్పమన్నది, నిజంగా జరిగింది ఇదీ అని రెండోది చెబుతాను. మొట్టమొదట మాత్రం, ఇతను మీకు ఏమవుతాడు అని అడుగుతారట. దానికి ఒకటే జవాబు ఉంది. అది చెప్పేటప్పుడు నీ వైపే చూస్తాను. తల దించకు.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి
అచ్చియమ్మ